టూత్‌బ్రష్‌కీ టవల్‌కీ మధ్య

ఇన్‌స్పెక్టర్ సుత్తిని బల్లమీద పెట్టి, పోటీలో గెలిచిన కప్పుని చూసుకున్నట్టు చూసుకున్నాడు.

"ఇదండీ ఆయుధం. ముద్దాయి ఫర్నిచర్ కొట్టు నడుపుతాడు. సుత్తి పట్టుకోవడం వాడికి చేత్తో అన్నం తిన్నంత తేలిక."

"దీనిమీద రక్తం ఉందా?" అని అడిగింది విసుగమ్మ.

"కడిగేశాడు."

"చెక్కపిడి మీద దుమ్ము అలాగే ఉంది. నీళ్లు తగలకుండా కడగడం మీ డిపార్ట్‌మెంట్‌లో నేర్పుతారా?"

ఇన్‌స్పెక్టర్ మొహం గంటు పెట్టుకున్నాడు. ప్రైవేటు డిటెక్టివ్‌లంటేనే అతనికి పడదు. ఆ డిటెక్టివ్ ఆడది కావడం, నలభై ఏళ్లు దాటినా తనని చూసి ఒక్కసారి కూడా నవ్వకపోవడం మరీ పడవు. ఆమెకి విసుగమ్మ అని పేరు పెట్టింది అతని స్టేషన్ వాళ్లే. ఆమెకి ఆ సంగతి తెలుసు. అసలు పేరు కంటే అదే నయమని వదిలేసింది.

"మీరు వచ్చింది ఆ అమ్మాయి ఏడ్చిందని," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నేను వచ్చింది నేరం జరిగిందని. సాయంత్రం కోర్టు మూసేలోపు వీణ్ణి జడ్జిగారి ముందు నిలబెడతాను. ఈలోపు మీ ముచ్చట తీర్చుకోండి."

అతను 'వీణ్ణి' అన్నది గోడ పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషిని. చేతికి బేడీ, చొక్కా మీద ఎండిన రక్తం. ఆ రక్తం అతని అన్నగారిది. ఆ అన్నని ఇక్కడ అందరూ పెద్దాయన అంటారు. ఆయన నిన్న సాయంత్రం ఈ గదిలోనే తలపగిలి పడిపోయి, ఇప్పుడు ఆస్పత్రిలో తెలివి లేకుండా ఉన్నాడు. విసుగమ్మని పిలిపించింది పెద్దాయన కూతురు. "మా బాబాయి నోరు మంచిది కాదు మేడమ్, చెయ్యి మంచిదే" అని మాత్రం చెప్పి, మళ్లీ ఆస్పత్రికి పరిగెత్తింది.

విసుగమ్మ గదిని చూసింది. కిటికీ లేదు. నడుమ ఒక బల్ల, నాలుగు గోడలకీ నేల నుంచి కప్పుదాకా చెక్క అరలు. ఆ అరల్లో ఒక సంసారానికి కావలసినవి, అక్కర్లేనివి అన్నీ ఉన్నాయి. బకెట్టు, గంట, దువ్వెన, గరాటు, తాళం, ఊయల కొక్కెం. చూస్తే పాత సామాన్ల కొట్టు. నిజానికి అది నిఘంటువు ఆఫీసు. ఇంగ్లీషు మాటలకి తెలుగులో అర్థాలు రాసే ముగ్గురు మనుషులు ఇక్కడ పనిచేస్తారు: పెద్దాయన, ఆయన అల్లుడు, ఒక ప్రొఫెసర్. వస్తువుని చేత్తో పట్టుకుని ఒక వారం వాడకుండా దాని అర్థం రాయకూడదని పెద్దాయన పెట్టిన నియమం. వాడటం అయ్యాక, పేజీ పూర్తయ్యాక, ఆ వస్తువు ఇంగ్లీషు అక్షరాల వరసలో దాని చోటికి వెళ్తుంది. అంతవరకు పెద్దాయన బల్లమీదే ఉంటుంది.

"ఏమయ్యా, నిన్న మధ్యాహ్నం మీ అన్నతో ఏమన్నావ్?" అని అడిగింది స్టూలు మీది మనిషిని.

"తల పగలగొడతానన్నా."

"ఎందుకు?"

"ఈ మేడ అమ్మేద్దామన్నా. వినడు. పాతికేళ్లుగా చెంచాలకీ తాళాలకీ అర్థాలు రాస్తున్నాడమ్మా. చెంచా అంటే చెంచా. దానికి పుస్తకం ఎందుకు? కొనుక్కున్నవాడికి తెలీదా అది చెంచా అని?"

"మళ్లీ ఏడింటికి ఎందుకొచ్చావ్?"

అతను తల వంచుకున్నాడు. "మధ్యాహ్నం అన్న మాట మనసులోంచి పోలేదు. అన్నకి క్షమాపణ చెప్పే అలవాటు నాకు లేదు. ఊరికే వచ్చి కూర్చుంటే ఆయనే అర్థం చేసుకుంటాడు. వచ్చేసరికి నేలమీద ఉన్నాడు. ఎత్తుకున్నా. ఫోన్ చేశా."

"కొట్టినవాడే ఎత్తుకున్నాడు, కొట్టినవాడే ఫోన్ చేశాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పాత ఎత్తు."

"మీకు కొత్తవి ఎప్పుడైనా తగిలాయా?" అంది విసుగమ్మ అతనికేసి చూడకుండానే.

తలుపు దగ్గర గొంతు సవరించుకున్న చప్పుడయింది. ప్రొఫెసర్ వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో గొడుగు, ఆ గదిలో ఎవరూ తన వాక్యానికి సరిపోరన్న మొహం. ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడి కుర్చీ ఇచ్చాడు. విసుగమ్మ లేవలేదు.

"నిన్న ఇక్కడ ఏ మాట మీద పని జరుగుతోంది?"

"టార్చ్," అన్నాడు ప్రొఫెసర్. "మీకు అర్థం కావాలంటే కొంచెం చరిత్ర చెప్పాలి."

"చెప్పకండి. గొడవ ఏమిటో చెప్పండి."

ప్రొఫెసర్ నొచ్చుకున్నాడు. "మొదటి అర్థం దివిటీ ఉండాలన్నది నా పక్షం. పుట్టుకని బట్టి, పద గౌరవాన్ని బట్టి. పెద్దాయనకి పట్టుదల. ఇవాళ ఏ ఇంట్లో టార్చి తెమ్మన్నా దివిటీ ఎవడు తెస్తాడు, సెల్లులు వేసి మీట నొక్కేదే మొదటి అర్థం అంటాడు. మనుషుల నోట్లో ఉన్నదే మాటకి ఇల్లు అంటాడు. వీధిలో వినపడ్డదల్లా భాష అయితే మేము చదువుకోవడం ఎందుకండీ? నిన్న ఆరింటికి నేను వెళ్లబోతుంటే ఆ టార్చి వెలిగించి నా కళ్లలోకి కొట్టి, 'ఇప్పుడు చెప్పవయ్యా, ఇది దివిటీయా?' అన్నాడు. అదీ ఆయన వాదించే పద్ధతి."

"బాగానే వెలిగిందన్నమాట."

"ఇప్పటికీ కళ్లు మండుతున్నాయి."

"తర్వాత?"

"బల్లమీద పెట్టాడు. నేను వెళ్లిపోయా."

"అల్లుడు?"

"ఆయన ఐదింటికే వెళ్లాడు. భార్యకి ఒంట్లో బాగాలేదన్నాడు."

"అల్లుడుగారు బంగారం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రాత్రంతా మామగారి మంచం పక్కనే కూర్చున్నాడు. కన్నకొడుకు కూడా అలా చూడడు."

విసుగమ్మ బల్లకేసి చూసింది. కాగితాలు, పెన్ను, మూతపెట్టిన మంచినీళ్ల గ్లాసు. టార్చి లేదు.

"పేజీ పూర్తయిందా?"

"ఎక్కడ పూర్తవుతుంది? ఇవాళ మళ్లీ వాదన ఉంది."

"అయితే టార్చి బల్లమీదే ఉండాలి."

"ఉండాలి," అంటూ ప్రొఫెసర్ మొదటిసారి బల్లకేసి చూశాడు.

విసుగమ్మ లేచి అరల దగ్గరికి నడిచింది. బి దగ్గర బకెట్టు, డి దగ్గర తలుపు గొళ్లెం... ఎస్, టి. టాంగ్స్ అనే పట్టకారు, టూత్‌బ్రష్, టార్చి, టవల్, ట్రే. అన్నీ తీరుగా, ఒకదాని పక్కన ఒకటి. టార్చి నిలబెట్టి ఉంది. పొడుగాటి ఇనప గొట్టం, మూడు సెల్లులు పట్టేది. తళతళలాడుతోంది. అదే వరసలోని పట్టకారు మీద మాత్రం వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము.

"ఈ అర మీరు చూశారా?"

"అన్నీ చూశాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సామాను సామాను చోట ఉంది."

"అదే వచ్చిన చిక్కు. దాని చోట అది ఉండకూడదు."

ఆమె చేతిరుమాలుతో టార్చిని తీసి దీపం కిందికి తెచ్చింది. అద్దం చుట్టూ ఉన్న రింగుకి సన్నటి గాట్లు. తుడిచిన గుడ్డ ఆ గాట్లలోకి దిగలేదు. నల్లగా ఏదో ఇరుక్కుని ఉంది, దాంట్లో ఒక నెరిసిన వెంట్రుక. తర్వాత టవల్ తీసింది. నాలుగు మడతల టవల్. పైమడత తెల్లగా ఉంది. విప్పితే లోపల గోధుమరంగు మరక.

స్టూలు మీది తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. ప్రొఫెసర్ కుర్చీ వెనక్కి జరిగింది. ఇన్‌స్పెక్టర్ సుత్తికేసి చూసి, మెల్లిగా దాన్ని కాగితాల చాటుకి తోశాడు.

"సరే, టార్చితో కొట్టాడు," అన్నాడు. "ఏదైతేనేం. వీడే కొట్టాడు."

"ఈ ముగ్గురూ టార్చిని వారం చొప్పున వాడి, దేనికి పనికొస్తుందో ఈ బల్లమీది కాగితాల్లో రాశారు. దారి చూడటానికి, గొంతులో పుండు చూడటానికి, మంచం కింద చెప్పు వెతకడానికి. నెత్తిమీద కొట్టడానికి అని ఎవరూ రాయలేదు. ఆ వాడుక ఒకాయన నిన్న కొత్తగా చేర్చాడు. చేర్చి, పక్కనే ఉన్న టవల్‌తో తుడిచి, టవల్ మడతపెట్టి, టార్చిని టూత్‌బ్రష్‌కీ టవల్‌కీ మధ్య పెట్టి వెళ్లాడు. బల్లమీద వదిలేస్తే ఒక్క క్షణం పని. అరలో పెట్టడానికి ఆ చోటు తెలిసుండాలి. చోటు తెలిసుండటం కూడా కాదు, చెయ్యి దానంతటదే వెళ్లాలి."

"వీడు తెలివైనవాడు."

"చూద్దాం." ఆమె ఎస్ అరలోంచి ఒక చెంచా తీసి తమ్ముడి చేతికిచ్చింది. "దీన్ని దాని చోట పెట్టు."

అతను బేడీతోనే లేచి, అరలన్నీ ఒకసారి కలయజూసి, నేరుగా వెళ్లి ఫోర్కు పక్కన పెట్టాడు. వెనక్కి తిరిగి, "కంచం కూడా ఇక్కడే పెట్టుకోవచ్చుగా, అక్కడెక్కడో పెట్టారు. మా కొట్లో కుర్రాళ్లైతే తన్నేవాణ్ణి," అన్నాడు.

"నటన," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

విసుగమ్మ అర దగ్గరికి నడిచింది. ఆ చెంచానే తీసుకెళ్లి ప్రొఫెసర్ చేతిలో పెట్టింది. "మీ పేరు మొదటి పేజీలో ఉంటుందా, పుస్తకం అచ్చయ్యాక?"

"ఉండాలి కదండీ," అంటూ ప్రొఫెసర్ లేచాడు. "అయితే పెద్దాయన నిన్న మధ్యాహ్నం ఒక మాటన్నాడు. మొదటి పేజీలోంచి ఒక పేరు తీసేస్తాను, వస్తువు ముట్టుకోకుండా పాత పుస్తకాల్లోంచి ఎత్తిరాసినవాడి పేరు నా పేరు పక్కన ఉండదు అన్నాడు. నావైపు చూసే అన్నట్టు నాకు తోచింది. అల్లుడు కూడా అక్కడే ఉన్నాడు. నా సాహిత్య సేవ ఎంతదో అందరికీ..." అని చెబుతూనే నడిచి, చెంచాని స్పాంజికీ స్టేప్లర్‌కీ మధ్య పెట్టి, "...తెలుసు" అని వచ్చి కూర్చున్నాడు. ఒక్కసారి కూడా అరకేసి చూడలేదు.

తను చేసిన పని ఏమిటో ప్రొఫెసర్‌కి అప్పుడు తెలిసింది. మొహంలో రక్తం ఇంకిపోయింది.

"అయితే మీరేనా?" అని ఇన్‌స్పెక్టర్ బేడీలకోసం జేబు తడుముకున్నాడు. అవి తమ్ముడి చేతికే ఉన్నాయని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"కూర్చోండి," అంది విసుగమ్మ. "మీకు పొద్దుటినుంచి ఒక దోషి చాలక రెండోవాడు కావలసి వచ్చాడు. ప్రొఫెసర్‌గారూ, మీ వారం మీరు టార్చి వాడారా?"

"వాడాను."

"దేనికి?"

"అనేక... సందర్భాల్లో."

ఆమె రుమాలుతో పట్టుకుని టార్చి మీట నొక్కింది. వెలగలేదు. ఇంకోసారి నొక్కింది. వెలగలేదు. తన సంచిలోంచి రబ్బరు తొడుగులు తీసి ప్రొఫెసర్ ముందు పడేసింది. "తొడుక్కుని వెలిగించండి."

ప్రొఫెసర్ మీట నొక్కాడు. ఊపాడు. అద్దం మీద తట్టాడు. మూత ఎటువైపు ఉందో తెలియక అద్దం వైపు తిప్పబోయాడు.

"దివిటీ కదా, అగ్గిపెట్టె ఇమ్మంటారా?" అంది విసుగమ్మ.

స్టూలు మీది తమ్ముడు అంత దుఃఖంలోనూ ముక్కుతో నవ్వాడు.

"వాడలేదు," అన్నాడు ప్రొఫెసర్ చివరికి. "నాకు అలాంటి వస్తువులతో అలవాటు లేదు. మా ఆవిడ చూసుకుంటుంది. పాత పుస్తకంలో ఉన్నది రాసిచ్చాను."

"ఆ సంగతి మీ పెద్దాయన లేచాక ఆయనకే చెప్పుకోండి." ఆమె టార్చి తీసుకుని వెనకవైపు మూత తిప్పింది. మూడు సెల్లులు రుమాల్లోకి జారాయి. ముందు జారిన చివరి సెల్లు తలకిందులుగా ఉంది, మిగతా రెండూ సరిగ్గా ఉన్నాయి. "ఆరింటికి మీ కళ్లలోకి కొట్టిన టార్చి ఇప్పుడు వెలగదు. ఎందుకంటే ఆ తర్వాత ఎవరో చివరి సెల్లు తిరగేశారు."

"కిందపడి తిరగబడి ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"గొట్టంలో సెల్లు తిరగబడటానికి చోటెక్కడుందండీ? మీరు టార్చి వాడతారా, లేక మీకు కూడా మీ ఆవిడే చూసుకుంటుందా? ఇది కావాలని చేసే పని. పొరపాటున మీట నొక్కుకుపోయినా సెల్లులు అయిపోకుండా కొంతమంది ఇలా తిరగేసి పెడతారు. ఒక మనిషి తల పగలగొట్టి, సెల్లులు వృథా అవుతాయని బాధపడ్డాడు. ఎంత జాగ్రత్తపరుడో చూడండి."

ఆ మాటల్లోని అసహ్యం ఆమె దాచుకోలేదు. సుత్తి పట్టుకుని పొద్దంతా ఊరేగిన ఇన్‌స్పెక్టర్ మీద విసుగే తప్ప కోపం లేదు. ప్రొఫెసర్ మీద జాలి కూడా లేదు. కానీ ఈ చివరి సెల్లు తిరగేసిన చెయ్యిని తలుచుకుంటే ఒళ్లు జలదరించింది. ఆ చెయ్యి వణకలేదు.

మెట్లమీద పరుగు వినపడింది. పెద్దాయన కూతురు లోపలికి వచ్చింది. జుట్టు చెదిరి ఉంది, మొహం మాత్రం వెలుగుతోంది.

"బాబాయ్, నాన్న కళ్లు తెరిచారు," అంది. "మాట ఇంకా రాలేదు. అందర్నీ చూస్తున్నారు. ఏదో చెప్పాలని పెదాలు కదుపుతున్నారు."

తమ్ముడు బేడీ చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. ఆ పిల్ల వచ్చి అతని తల నిమిరి, వెంటనే మోకాళ్లమీద కూర్చుని బల్ల కిందికి వంగింది.

"ఏం వెతుకుతున్నావమ్మాయ్?" అని అడిగింది విసుగమ్మ.

"నాన్న కళ్లద్దాలు మేడమ్. నిన్న పడిపోయినప్పుడు ఇక్కడే ఎక్కడో ఎగిరిపడి ఉంటాయి. అవి లేకపోతే ఆయనకి ఎదుటిమనిషి ఎవరో కూడా తెలియదు."

అరల కింద చీకటిగా ఉంది. ఆ పిల్ల తన సంచిలోంచి అరచేతిలో పట్టేంత చిన్న టార్చి తీసింది. మీట నొక్కింది. వెలగలేదు. విసుక్కోలేదు, ఊపలేదు. అలవాటైన పనిలా వెనక మూత తిప్పి, చివరి సెల్లు తీసి, తిరగేసి వేసి, మూత బిగించింది. వెలుగు అరల కిందికి పాకింది.

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. విసుగమ్మ చెయ్యెత్తి అతన్ని ఆపింది.

"అదేమిటమ్మా, సెల్లు తిరగేశావ్?"

"ఇదా?" అని ఆ పిల్ల నేలకేసి చూస్తూనే చెప్పింది. "మా ఆయన చాదస్తం మేడమ్. ఏ టార్చి చేతికొచ్చినా వాడాక సెల్లు తిరగేసి కానీ కింద పెట్టరు. మా ఇంట్లో కరెంటు పోతే ముందు అందరం మూతలు తిప్పుకోవాలి. అత్తయ్య రోజూ తిడుతుంది."

"నిన్న నీకు ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేం మేడమ్. బాగానే ఉన్నాను. ఎందుకు?"

"ఆయన నిన్న ఇంటికి ఎప్పుడొచ్చారు?"

"పొద్దుపోయాక నేరుగా ఆస్పత్రికే వచ్చారు. నాన్న సంగతి ఫోనొచ్చేసరికి ఇంకా రాలేదు. ఆఫీసులో పని ఉందన్నారు." ఆమె లేచి కూర్చుంది. చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది. "ఏమైంది? అందరూ నన్నలా చూస్తున్నారేంటి?"

"మీ నాన్నా, మీ ఆయనా మాట్లాడుకుంటున్నారా?"

"కొన్నాళ్లుగా లేదు. ఆయన రాసిన పేజీలన్నీ నాన్న తిప్పికొట్టారు. ఎక్కడినుంచో ఎత్తిరాశారని అన్నారట. ఆ బాధతో ఈయన అన్నం కూడా సరిగ్గా..." మాట సగంలో ఆగింది. బల్లమీద రుమాల్లో ఉన్న మూడు సెల్లులని చూసింది. పక్కనున్న ఇనప టార్చిని చూసింది. విప్పి ఉన్న టవల్‌ని చూసింది.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఆస్పత్రికి ఫోన్ కలిపాడు. ఒక నర్సు ఎత్తింది. గది నిశ్శబ్దంగా ఉండటంతో ఆమె మాటలు అందరికీ వినపడ్డాయి. పేషెంటుకి విశ్రాంతి కావాలని అల్లుడుగారు అందర్నీ బయటికి పంపేశారు. తలుపు వేసుకున్నారు. ఆయన చాలా శ్రద్ధగల మనిషి.

"తలుపు తట్టండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పగలగొట్టండి. మనుషుల్ని పిలవండి." మొదటిసారి అతని గొంతులో పోలీసువాడి గొంతు వినపడింది. నర్సు ఫోన్ వదిలేసి పరిగెత్తిన చప్పుడు, దూరంగా తలుపు మీద దెబ్బలు. లోపలినుంచి ఏ జవాబూ లేదు.

అతను మెట్లవైపు దూకాడు. బేడీ చేతులతోనే తమ్ముడు అతని వెనక పరిగెత్తాడు. ఆపాలని ఇన్‌స్పెక్టర్‌కి తోచలేదు. విసుగమ్మ ఆ పిల్ల భుజం పట్టుకుని లేపింది.

"పదమ్మా. నీ గొంతు వింటే ఆగుతాడేమో. నువ్వు అక్కడినుంచి ఎందుకు కదిలావు? నీ తండ్రి కళ్లు తెరిస్తే ఆయన పక్కన ఉండక, కళ్లద్దాలకి ఇంకెవరినైనా పంపకూడదా?"

ఆ పిల్ల తన టార్చిని బల్లమీద, ఇనప టార్చి పక్కన పెట్టింది.

"నేను వెళ్లనన్నాను మేడమ్," అంది. "నన్ను పంపింది మా ఆయనే."